పాత గీజర్ పాడైతే కొత్తది ఎలా ఎంచుకోవాలి?

ఆరోగ్య పాఠం: ఇంట్లో భద్రత



చలికాలం మొదలు కాగానే చాలా ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది. "గీజర్ పనిచేయడం లేదు, కొత్తది కొనాలి." సాధారణంగా ఇంటి యజమాని దుకాణానికి వెళ్ళి, ధర అడిగి, రంగు చూసి, గ్యారంటీ ఎన్ని సంవత్సరాలో తెలుసుకుని ఒకటి తీసుకొస్తారు. మరునాడు ప్లంబరు వచ్చి పాత మేకులకే దానిని తగిలించి వెళ్తాడు. ఎవరికి కాలుతుంది, ఎవరికి షాకు కొడుతుంది అన్న ప్రశ్న ఆ రోజు ఎవరికీ రాదు.

ఆసుపత్రిలో పనిచేసే మాకు ఆ ప్రశ్న ప్రతి చలికాలం ఎదురవుతుంది. వేడినీళ్ళు మీద పడిన పసిబిడ్డలు, బకెట్‌లో హీటరు ఉండగా చెయ్యి పెట్టినవారు, స్నానాల గదిలో తలుపు వేసుకుని స్పృహ తప్పినవారు మా దగ్గరకు వస్తారు. వీటిలో చాలా ప్రమాదాలు నివారించదగినవే. నివారణకు మంచి సమయం కూడా హీటరు మార్చే రోజే. ఆ రోజు ఎలక్ట్రీషియన్ ఇంట్లోనే ఉంటాడు, ప్లంబరు ఉంటాడు, కొంత డబ్బు చేతిలో ఉంటుంది. పాత తప్పులన్నీ ఒకేసారి సరిచేసుకోవచ్చు.

ఈ పాఠం చెప్పే ముఖ్య విషయం ఒక్కటే. హీటరును ఇంట్లో సంపాదించేవారి అవసరాన్ని బట్టి కాదు, ఇంట్లో అందరికన్నా బలహీనులైన వారిని బట్టి ఎంచుకోవాలి. పసిపిల్ల, ముసలి తల్లి, బాలింత, చక్కెర వ్యాధితో కాళ్ళు మొద్దుబారిన తండ్రి, మూర్ఛ ఉన్న అబ్బాయి - వీరిలో ఎవరు ఉన్నా ముందుగా వారిని తలచుకుని తర్వాత దుకాణానికి వెళ్ళండి.

1. మార్చాలా, బాగుచేయించాలా?

నీళ్ళు వేడెక్కకపోతే వెంటనే గీజర్ పారేయవలసిన పనిలేదు. లోపలి కాయిల్ కాలిపోయి ఉండవచ్చు, థర్మోస్టాట్ చెడిపోయి ఉండవచ్చు. ఈ రెండూ మార్చదగిన భాగాలే. అయితే లోపలి ట్యాంకు తుప్పు పట్టి నీరు కారుతుంటే మాత్రం అతుకులు వేయించకండి, మార్చేయండి. ముట్టుకుంటే జిల్లుమనడం, కుళాయి నుండి షాకు రావడం, నీళ్ళు మరిగి ఆవిరి కొట్టడం, లోపల గట్టిగా చప్పుళ్ళు రావడం - వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే మెయిన్ ఆపి వాడకం మానండి. బాగుచేసేదాకా "ఈ ఒక్కరోజుకు" అని వాడకూడదు.

పాతది ఎందుకు పాడైందో కూడా అడిగి తెలుసుకోండి. మన ప్రాంతాలలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్ళు వేడెక్కినప్పుడు కాయిల్ మీద తెల్లని సున్నపు పొర కడుతుంది. పొర మందమైన కొద్దీ కాయిల్ వేడి నీళ్ళకు అందదు, కరెంటు వృథా అవుతుంది, చివరకు కాయిల్ కాలిపోతుంది. అదే నీళ్ళు ఉన్నంతవరకు కొత్త గీజర్‌కూ అదే గతి పడుతుంది. కాబట్టి ఏడాదికి ఒకసారి లోపల శుభ్రం చేయించుకోవాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు బదులు తాను అరిగిపోవడమే దాని పని. అది పూర్తిగా అరిగిపోయాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. శుభ్రం చేయించిన రోజున ఆ కడ్డీని కూడా చూపించమని అడగండి.

2. మొదటి ప్రమాదం: కాలడం

మరిగే నీళ్ళు మాత్రమే కాలుస్తాయని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి గాని మనిషి చర్మం అంతకన్నా చాలా తక్కువ వేడికే కాలిపోతుంది. పెద్దవారి చర్మం లోతుగా కాలడానికి పట్టే కాలం సుమారుగా ఇలా ఉంటుంది:

- 66 డిగ్రీల సెల్సియస్ వద్ద: 2 సెకన్లు
- 60 డిగ్రీల వద్ద: 5 నుండి 6 సెకన్లు
- 54 డిగ్రీల వద్ద: 30 సెకన్లు
- 49 డిగ్రీల వద్ద: 5 నిమిషాలు

పసిపిల్లల చర్మం పలచన గనుక ఇంకా తొందరగా కాలుతుంది. వృద్ధుల చర్మం కూడా పలచబడి ఉంటుంది, వారు చటుక్కున పక్కకు తప్పుకోలేరు. మూర్ఛ వచ్చినవారు అసలు కదలలేరు. చక్కెర వ్యాధితో పాదాలలో స్పర్శ తగ్గినవారికి కాలుతున్న సంగతే తెలియదు. కాళ్ళ నొప్పులకని వేడినీళ్ళలో పాదాలు పెట్టుకుని, బొబ్బలు కనిపించేదాకా తెలుసుకోలేనివారు ఉంటారు. వారికి ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. ఒక్కొక్కసారి వేలు తీసివేయవలసి వస్తుంది.

చాలా గీజర్లు నీళ్ళను 75 డిగ్రీల దాకా వేడి చేయగలవు. దుకాణంలో ఈ మాట గొప్పగా చెబుతారు. నర్సుగా నేను దానిని గొప్ప అనుకోను. స్నానానికి మనకు కావలసింది 38 నుండి 42 డిగ్రీలు మాత్రమే. పసిబిడ్డకు 37, 38 డిగ్రీలు చాలు.

ఇతర దేశాలలో ఈ విషయమై చట్టాలు కూడా వచ్చాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1983లో చేసిన చట్టం ప్రకారం కొత్త హీటర్లను 49 డిగ్రీలకు అమర్చి అమ్మవలసి వచ్చింది. తర్వాతి సంవత్సరాలలో అక్కడ కుళాయి నీళ్ళతో కాలి ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య తగ్గింది. మందు వేయకుండా, మర తిప్పి తగ్గించిన జబ్బు ఇది.

కనుక కొనేటప్పుడు మొదటి ప్రశ్న ఇది: "వేడిని తగ్గించి పెట్టుకునే మర బయటికే ఉందా?" కొన్ని గీజర్లలో అది మూత లోపల ఉంటుంది, దానిని ఎవరూ తిప్పరు. బయట మర ఉండి, వేడి ఎంతో కనిపించే రకం తీసుకోండి.

3. ఎన్ని లీటర్లది కావాలి?

ఇక్కడే చాలామంది పొరపడతారు. డబ్బు మిగులుతుందని చిన్న ట్యాంకు కొంటారు. నీళ్ళు చాలవు. చాలకపోతే మరను చివరిదాకా తిప్పుతారు. అప్పుడు కుళాయిలో 70 డిగ్రీల నీళ్ళు వస్తాయి. అంటే ట్యాంకు చిన్నదైన కొద్దీ ఇంట్లో ప్రమాదం పెద్దదవుతుంది.

లెక్క తేలికే. మామూలు నీళ్ళు 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. 15 లీటర్ల గీజర్‌ను 60 డిగ్రీలకు పెడితే, చన్నీళ్ళు కలిపాక స్నానానికి తగిన 42 డిగ్రీల నీళ్ళు సుమారు 30 లీటర్లు, అంటే బకెట్టున్నర వస్తాయి. అదే గీజర్‌ను 50 డిగ్రీలకు తగ్గిస్తే 22 లీటర్లు, అంటే ఒక బకెట్ మాత్రమే వస్తాయి. 25 లీటర్ల గీజర్‌ను 50 డిగ్రీలకే పెట్టినా 36 లీటర్ల దాకా వస్తాయి. పిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో పెద్ద ట్యాంకు, తక్కువ వేడి - ఇదే క్షేమం. 2000 వాట్ల కాయిల్ ఉంటే 25 లీటర్లు 50 డిగ్రీలకు రావడానికి 22 నిమిషాలు పడుతుంది. ఒకరు స్నానం చేసి వచ్చేలోగా మరొకరికి సిద్ధమవుతాయి.

కరెంటు ఖర్చు సంగతి. 20 లీటర్ల బకెట్ నీళ్ళను 25 నుండి 42 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.4 యూనిట్ కావాలి. నలుగురికి నాలుగు బకెట్లంటే రోజుకు 1.6 యూనిట్లు. ఏ గీజరైనా ఈ లెక్క మారదు. మారేది ట్యాంకులో నిలవ ఉన్నప్పుడు పోయే వేడి. ఆ నష్టం ఎంత తక్కువైతే అన్ని నక్షత్రాలు గీజర్ మీది లేబుల్‌పై ఎక్కువగా ఉంటాయి. రోజంతా స్విచ్ వేసి ఉంచేవారికి ఎక్కువ నక్షత్రాలు లాభం. స్నానానికి ముందు వేసి తర్వాత ఆపేసేవారికి ఆ తేడా కొద్దిగానే ఉంటుంది.

మరొక మాట. గోరువెచ్చని నీళ్ళు రోజుల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే లీజియోనెల్లా అనే సూక్ష్మక్రిమి పెరిగే అవకాశం ఉంది. ఆ నీటి తుంపరలు ఊపిరితిత్తులలోకి వెళితే తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక సమావేశానికి వచ్చినవారిలో ఈ జబ్బు బయటపడింది. దీనికి భయపడి రోజూ నీళ్ళు మరిగించవద్దు. ఊరికి వెళ్ళి వారం తర్వాత వచ్చినప్పుడు, పిల్లలు దగ్గర లేకుండా చూసి, గీజర్‌ను ఒకసారి 60 డిగ్రీలకు వేడి చేయండి. ఆ నీళ్ళను షవరు గుండా కాక కుళాయి గుండా వదిలివేసి, మరను మళ్ళీ తగ్గించండి.

4. రెండవ ప్రమాదం: కరెంటు

తడి శరీరం, తడి నేల, చెప్పులు లేని కాళ్ళు - కరెంటుకు ఇంతకన్నా సులువైన దారి లేదు.

మన ఇళ్ళలో ప్రాణాలు తీసే పరికరాలలో ఒకటి బకెట్‌లో వేలాడదీసే హీటరు రాడ్. ధర తక్కువ, ఎక్కడికైనా తీసుకువెళ్ళవచ్చు గనుక అందరూ కొంటారు. స్విచ్ ఆపకుండా నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూడటం వల్లనే ప్రమాదం జరుగుతుంది. రాడ్ పై పొర ఎక్కడైనా పగిలి ఉంటే నీళ్ళలోకి కరెంటు వస్తుంది. ఇనుప బకెట్ అయితే బకెట్ ముట్టుకున్నా చాలు. రాడ్ తప్ప వేరే దారి లేనివారు ఈ నియమాలు పాటించండి:

- ముందు నీళ్ళు నింపండి, తర్వాత రాడ్ పెట్టండి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.
- తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపండి, తర్వాత ప్లగ్ తీయండి, ఆ తర్వాత రాడ్ తీయండి. ఇవన్నీ అయ్యాకే నీళ్ళు ముట్టుకోండి.
- రాడ్ మీద ఉన్న గీత దాకా నీళ్ళు ఉండాలి. ప్లాస్టిక్ బకెట్ గోడకు రాడ్ తగలకుండా అడ్డంగా కర్ర పెట్టి వేలాడదీయండి.
- రాడ్ వేసి వంటగదిలోకి వెళ్ళవద్దు. పిల్లలున్న గదిలో అసలు పెట్టవద్దు.
- ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిది, మూడు కాళ్ళ ప్లగ్ లేనిది కొనవద్దు.

గీజర్‌కైనా, రాడ్‌కైనా ప్లగ్ సంగతి చూడండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫ్యాను, లైటు కోసం పెట్టిన చిన్న ప్లగ్ దానికి తట్టుకోలేదు; వేడెక్కి కరుగుతుంది. పవర్ ప్లగ్ అని మనం పిలిచే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్, దానికి తగిన మందమైన రాగి తీగ విడిగా ఉండాలి. పాత గీజర్ 2000 వాట్లది, కొత్తది 3000 వాట్లది అయితే ఈ తీగను తప్పక పరీక్షించాలి. స్విచ్ స్నానాల గది బయట ఉండటం మంచిది.

ఎర్తింగ్ ఉందా లేదా అని ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. ప్లగ్‌కు మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన మూడవదానికి తీగ ఉందని కాదు. చాలా ఇళ్ళలో అది ఖాళీగా ఉంటుంది.

ఇక ముఖ్యమైన మాట. "మా ఇంట్లో ట్రిప్పర్ ఉంది సిస్టర్, భయం లేదు" అని చాలామంది అంటారు. బోర్డులో ఉండే మామూలు ఎం.సి.బి. తీగలు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాపాడదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించిన కరెంటు పోతేనే ఆగుతుంది. మనిషి గుండె ఆగిపోవడానికి అందులో వందవ వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. అనే వేరే పరికరం. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించాలి. కరెంటు దారి తప్పి మనిషి గుండా నేలలోకి పోవడం మొదలవగానే, కన్ను మూసి తెరిచేలోగా అది సరఫరాను ఆపేస్తుంది. దాని మీద ఒక చిన్న పరీక్ష బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి, వెంటనే పడిపోవాలి. గీజర్‌లో ఖరీదైన రకానికి పెట్టే డబ్బు కొంత తగ్గించుకుని అయినా దీనిని పెట్టించండి.

5. మూడవ ప్రమాదం: కనిపించని గ్యాస్

సిలిండర్‌తో పనిచేసే గ్యాస్ గీజర్లు కరెంటు పోయినా పనిచేస్తాయి, వెంటనే వేడినీళ్ళు ఇస్తాయి. అందుకే కొంటారు. అయితే వాటిని స్నానాల గదిలో పెట్టడం ప్రాణాంతకం.

గ్యాస్ మండడానికి గాలి కావాలి. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో ప్రాణవాయువు త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. సిలిండర్ లీకైతే మనకు వాసన తెలుస్తుంది, ఎందుకంటే అందులో కావాలని వాసన కలుపుతారు. ఈ వాయువు మంటలో కొత్తగా పుట్టేది గనుక ఆ హెచ్చరిక దీనికి లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండటం, కాళ్ళు చేతులు పట్టు తప్పడం. లేచి గడియ తీద్దామనుకునేసరికి శక్తి ఉండదు. బయటివారు "ఇంకా స్నానం చేస్తోంది" అనుకుంటారు.

గమనించండి: ఇలాంటి రోగి వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ 98 అని చూపించవచ్చు. అది ప్రాణవాయువుకు, ఈ విషవాయువుకు తేడా కనిపెట్టలేదు. కనుక అంకె బాగుందని ఇంట్లో ఉంచుకోవద్దు. ఆసుపత్రిలో మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే విషం తొందరగా దిగుతుంది. మామూలు గాలిలో సగం దిగడానికి నాలుగైదు గంటలు పడితే, ఆక్సిజన్‌తో సుమారు గంట, గంటన్నర పడుతుంది.

గ్యాస్ గీజర్ తప్పనిసరి అయితే దానిని స్నానాల గది బయట, గాలి బాగా ఆడే చోట, వానపడని విధంగా బిగించాలి. వేడినీళ్ళు మాత్రమే గొట్టం ద్వారా లోపలికి రావాలి. లోపలే పెట్టి చిన్న ఫ్యాను పెట్టుకుంటే సరిపోతుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు. చలికని తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం కూడా ఇలాంటి ప్రమాదమే. బాలింతల గదులలో ఈ అలవాటు ఇంకా ఉంది. దానిని మాన్పించండి.

6. నాలుగవ ప్రమాదం: పీడనం

నీళ్ళు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. మూసిన ట్యాంకులో ఆ ఒత్తిడి బయటికి పోవడానికి ఒక సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. దాని నుండి వేడెక్కేటప్పుడు కొన్ని నీటి చుక్కలు కారడం సహజం. ఆ చుక్కలు ఆపాలని కొందరు దానికి బిరడా బిగిస్తారు. అలా చేస్తే, థర్మోస్టాట్ కూడా చెడిపోయిన రోజున ట్యాంకు పేలిపోగలదు. కొత్త గీజర్‌కు పాత వాల్వ్ తగిలించనివ్వకండి. ఎత్తైన అపార్ట్‌మెంట్లలో, పంపుతో నీళ్ళు తోసే ఇళ్ళలో నీటి ఒత్తిడి ఎక్కువ. అలాంటి ఇళ్ళకు 8 బార్ల ఒత్తిడికి తట్టుకునేది అని పెట్టె మీద రాసి ఉన్నదే తీసుకోండి.

25 లీటర్ల గీజర్‌లో నీళ్ళ బరువే 25 కిలోలు, దానికి ట్యాంకు బరువు కూడా కలుస్తుంది. వదులైన పాత మేకుల మీద దానిని వేలాడదీయకూడదు. వేడినీళ్ళు వచ్చే గొట్టం కూడా చూడండి. చన్నీళ్ళకు వాడే మామూలు తెల్ల ప్లాస్టిక్ గొట్టం వేడికి మెత్తబడి ఊడిపోతుంది. వేడికి తట్టుకునే సి.పి.వి.సి. లేదా లోహపు గొట్టమే వేయించండి.

7. సోలార్ హీటరు సంగతి

సొంత ఇల్లు, ఎండ పడే డాబా ఉన్నవారికి సోలార్ హీటరు మంచిదే. మన రాష్ట్రాలలో చలికాలంలో కూడా ఎక్కువ రోజులు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నలుగురైదుగురు బకెట్ స్నానం చేసే ఇంటికి రోజుకు 100 లీటర్లది సాధారణంగా సరిపోతుంది. స్నానాల గదిలో కరెంటు, గ్యాస్ రెండూ ఉండవు. అయితే కాలే ప్రమాదం దీనిలో ఎక్కువ. ఎండాకాలంలో, లేదా రెండు రోజులు వాడకపోతే, నీళ్ళు 70, 80 డిగ్రీలు దాటవచ్చు. దీనికి తగ్గించే మర ఉండదు. కనుక చన్నీళ్ళు తనంతట తానే కలిపి ఇచ్చే మిక్సింగ్ వాల్వ్ పెట్టించుకోండి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో గొట్టాలు పూడుకుపోకుండా ఏ రకం మంచిదో ముందే అడగండి.

8. మూడు ఇళ్ళు, మూడు నిర్ణయాలు

మొదటి ఇల్లు: మూడవ అంతస్తు అపార్ట్‌మెంట్. భార్యాభర్తలు, రెండేళ్ళ పాప, చక్కెర వ్యాధి ఉన్న నాయనమ్మ. ఇక్కడ బలహీనులు ఇద్దరు. వారికి 25 లీటర్ల గీజర్, వేడి మర 50 దగ్గర, 8 బార్ల ట్యాంకు, ఆర్.సి.సి.బి. తగినవి. పాప చేతికి అందే వేడినీళ్ళ కుళాయికి పిల్లలు తిప్పలేని మూత వేయించాలి.

రెండవ ఇల్లు: పల్లెలో రెండు గదుల ఇల్లు. ఎర్తింగ్ లేదు, పాత తీగలు. నెల రోజుల్లో కూతురు పురిటికి వస్తోంది. ఇక్కడ రాడ్ కొనడం కన్నా ముందు ఎర్తింగ్ వేయించడం అవసరం. అది అయ్యేదాకా పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టుకోవడమే నయం. కాగును ఎత్తి మోసుకురాకుండా చెంబుతో కొద్దికొద్దిగా తోడుకోవాలి. మరిగే గిన్నెతో నడుస్తుంటే కాళ్ళకు బిడ్డలు అడ్డుపడతారు.

మూడవ ఇల్లు: సొంత డాబా ఇల్లు, ఆరుగురు, మూర్ఛ ఉన్న కాలేజీ అబ్బాయి. సోలార్ హీటరు, మిక్సింగ్ వాల్వ్, మబ్బు రోజులకు చిన్న గీజర్. ఆ అబ్బాయి తలుపుకు లోపల గడియ పెట్టకుండా స్నానం చేయాలి. పైన గీజర్ ఎంత మంచిదైనా గడియ పడిన తలుపు వెనక సహాయం అందదు.

9. ఏ హీటరైనా మారని అలవాట్లు

"వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు" అని సామెత. బకెట్‌లో మాత్రం దానిని తిరగేయండి. ముందు చన్నీళ్ళు పట్టండి, తర్వాత వేడినీళ్ళు కలపండి. ముందు వేడినీళ్ళు పట్టి చన్నీళ్ళ కోసం వెనక్కి తిరిగిన ఆ అరనిమిషంలోనే పిల్లవాడు బకెట్‌లో చెయ్యి పెడతాడు, లేదా పడిపోతాడు.

"నా చేతికి వెచ్చగానే ఉన్నాయి సిస్టర్" అని తల్లులు చెబుతారు. నిజమే చెబుతారు. రోజూ పొయ్యి దగ్గర పనిచేసే చేతికి వేడి అంతగా తెలియదు. బిడ్డ నీళ్ళను మోచేతితో చూడాలి. మోచేతికి వేడిగా తోచితే బిడ్డకు అది ఎక్కువే. చక్కెర వ్యాధి ఉన్నవారి నీళ్ళను ఇంట్లో మరొకరు చూసి ఇవ్వాలి.

బాలింతకు ఎంత వేడిగా పోస్తే అంత బలమని అమ్మమ్మలు అంటారు. వారి ప్రేమను కాదనలేము. కాని మరీ వేడినీళ్ళకు రక్తనాళాలు వెడల్పై రక్తపోటు పడిపోతుంది. కాన్పులో రక్తం పోయిన తల్లి కళ్ళు తిరిగి పడిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు, కూర్చోవడానికి పీట, పక్కన ఒక మనిషి - బాలింతకు కావలసినవి ఇవే.

గీజర్ నీళ్ళను వంటకు, తాగడానికి వాడవద్దు. వేడినీళ్ళు ట్యాంకులోని, గొట్టాలలోని లోహాలను ఎక్కువగా కరిగించుకుంటాయి. వేడి చేసినంత మాత్రాన నీటిలోని ఫ్లోరైడ్ కూడా పోదు.

10. ప్రమాదం జరిగితే

కాలినప్పుడు: వెంటనే బట్టలు, గాజులు, మొలతాడు తీసివేయండి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగవద్దు. కాలిన చోట పారే చల్లని కుళాయి నీళ్ళు 20 నిమిషాలు పోయండి. కాలిన మూడు గంటల లోపల ఎప్పుడు పోసినా మేలే. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, గుడ్డుసొన రాయవద్దు. అవి వేడిని లోపలే ఆపుతాయి, పుండు చెడుతుంది, డాక్టరుకు లోతు కనిపించదు. బొబ్బలు చిదమవద్దు. మిగిలిన శరీరాన్ని వెచ్చగా కప్పండి, ముఖ్యంగా పసిపిల్లలను. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. రోగి అరచేయి వేళ్ళతో సహా శరీరంలో సుమారు 1 శాతం. పసిపిల్లలు, వృద్ధులు ఎంత కాలినా, మరెవరికైనా అరచేతికన్నా ఎక్కువ కాలినా, ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు కాలినా ఆసుపత్రికి రావాలి. పిల్లలకు 10 శాతం కాలితే రక్తనాళంలోకి సెలైన్ అవసరమవుతుంది.

షాకు కొట్టినప్పుడు: ముట్టుకోవద్దు. మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో వేరు చేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ 108కు ఫోను చేయించండి. లేచి మామూలుగా మాట్లాడినా ఒకసారి ఇ.సి.జి. తీయించాలి.

గ్యాస్ గీజర్ గదిలో పడిపోయినప్పుడు: తలుపులు తెరిచి ఊపిరి బిగబట్టి బయటికి లాగండి. గ్యాస్ ఆపండి. 108కు ఫోను చేసి "గ్యాస్ గీజర్" అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆక్సిజన్ త్వరగా మొదలవుతుంది.

పాఠం సరిచూసుకోండి

1. గీజర్ మరను ఇప్పుడు ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టారు? ఇంట్లో ఎవరికైనా తెలుసా?
2. మీ ప్లగ్‌లో మూడవ రంధ్రానికి తీగ ఉందా? ఎవరు పరీక్షించారు?
3. మీ బోర్డులో ఆర్.సి.సి.బి. ఉందా, ఎం.సి.బి. మాత్రమేనా?
4. గ్యాస్ గీజర్ ఉంటే అది తలుపుకు ఏ వైపున ఉంది?
5. మీ ఇంట్లో అందరికన్నా బలహీనులు ఎవరు? వారి స్నానపు నీళ్ళు ఎవరు చూస్తారు?

ఈ అయిదు ప్రశ్నలను కాగితం మీద రాసుకుని, జవాబులు తెలిశాకే దుకాణానికి వెళ్ళండి. జవాబు తెలియని ప్రశ్న దగ్గర ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఈ పేజీని చదవలేని పొరుగువారికి చదివి వినిపించండి, ముఖ్యంగా చంటిబిడ్డలున్న ఇళ్ళలో.